పసుపు గీత మీద ఇద్దరు పెద్దమనుషులు

సోమవారం ఉదయం ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కళ్ళజోడు ఎడమ కాడ వదులైంది. దాన్ని బిగింపించుకుని, అటునుంచి అటే తొమ్మిదిన్నర బస్సు పట్టుకుని ఆఫీసుకి పోవాలి. అంతే. బూట్ల తాళ్ళు ముడి వేసుకుంటూ ఉండగా కూతురు వచ్చి, ఒక ఫారం ముందు పెట్టి, పెన్సిలుతో గుర్తు పెట్టిన చోట సంతకం చెయ్యమంది. దాంతో ఆ కళ్ళజోడు వారమంతా వదులుగానే ఉండిపోయింది.

ఆయన బీమా ఆఫీసులో క్లెయిములు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. ఇల్లు కాలిందంటే వెళ్ళి బూడిద చూడాలి. కాలు విరిగిందంటే ఎక్స్‌రే చూడాలి. ఆ ఎక్స్‌రే ఆ కాలిదేనా అని మళ్ళీ చూడాలి. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని కావడంతో ఆఫీసులో ఆయనకి భూతద్దం అని పేరు పడింది. ఆ సంగతి ఆయనకి తెలుసు. ఎవరు పెట్టారో కూడా విచారించి తేల్చుకున్నాడు.

కూతురు అప్పుడే స్కూలు చదువు ముగించింది. స్కౌట్ దళంలో చేరి ఆరేళ్ళయింది. పోయినేడు పెద్దాసుపత్రిలో ఒక ముసలాయన ఎక్స్‌రే గది కోసం మూడుసార్లు చుట్టూ తిరిగి, మళ్ళీ గేటు దగ్గరికే వచ్చి కూలబడటం చూసింది. అప్పుడు దళంలోని పిల్లలందరినీ కూడగట్టి, ఆసుపత్రి నేల మీద రంగు గీతలు గీయించింది. ఎర్రగీత వెంట నడిస్తే ఎక్స్‌రే, పసుపుగీత వెంట నడిస్తే రక్తపరీక్ష, ఆకుపచ్చ వెంట నడిస్తే మందుల కౌంటరు. పనికి ఎనిమిది నెలలు పట్టింది. అందులో అయిదు నెలలు అనుమతికే పోయాయి. దానికిగాను స్కౌట్లలో అన్నిటికన్నా పెద్ద పతకం ఆ పిల్లకి వచ్చింది.

ఇళ్ళ నమూనాలు గీసే చదువు చదవాలని ఆమె కోరిక. కాలేజీలో సీటు కూడా వచ్చింది. ఫీజు మాత్రం తల్లీ తండ్రీ జీతాలు కలిపి నిచ్చెన వేసినా అందేది కాదు. అందుకని పెద్ద పతకం వచ్చిన స్కౌట్లకి స్కాలర్‌షిప్పు ఇచ్చేవాళ్ళు ఎక్కడైనా ఉన్నారేమోనని తనే వెతికి పదకొండు చోట్లకి ఉత్తరాలు రాసింది. తొమ్మిది చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒకచోట నుంచి పాత క్యాలెండరు వచ్చింది. ఒక ట్రస్టు నుంచి మాత్రం ఈ ఫారం వచ్చింది.

భూతద్దం ఫారం మొదటి నుంచి చివరిదాకా చదివాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు.

"దరఖాస్తుకి ఫీజు లేదని రాశారేం?"

"లేదు కాబట్టి, నాన్నా."

"చూడమ్మా, చిన్న మోసగాడు వంద అడుగుతాడు. వీళ్ళు ఏమీ అడగలేదంటే వందతో పోయే రకం కాదన్నమాట."

గడువు శుక్రవారం సాయంత్రం అయిదింటి వరకే ఉందని ఆ పిల్ల చెప్పింది. విచారించి గురువారానికల్లా తేలుస్తానన్నాడు ఆయన. ట్రస్టు చిరునామా, ఫోను నంబరు తన నోటుబుక్కులోకి ఎక్కించుకుని, ఫారం బల్ల మీదే వదిలి వెళ్ళిపోయాడు. ఆయన భార్య పోస్టాఫీసులో కౌంటరు గుమాస్తా. టిఫిను డబ్బా సర్దుకుంటూ ఆవిడ ఇదంతా విన్నది గాని ఒక్క మాటా అనలేదు. మాట్లాడలేదు కాబట్టి ఒప్పుకుందని ఆయన అనుకున్నాడు. వృత్తిలో అంత అనుభవమున్న మనిషి ఆ పొరపాటు ఎలా చేశాడో చెప్పలేం.

ఆఫీసుకి వెళ్ళీ వెళ్ళగానే నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ట్రస్టుకి ఫోను చేశాడు. తానొక శ్రేయోభిలాషినన్నాడు. ఈ డబ్బు ఎవరిది, స్కౌట్లకే ఎందుకిస్తారు, ఇదివరకు తీసుకున్నవాళ్ళు నిజంగా ఉన్నారా, ఉంటే ఏ ఇంట్లో ఉన్నారు అని వరసపెట్టి అడిగాడు. అవతల ఒక పెద్దావిడ రెండు ప్రశ్నలకి ఓపిగ్గా జవాబు చెప్పి, ఇంతకీ మీరు ఎవరి తాలూకు అని అడిగింది. ఎవరి తాలూకూ కాదనీ, ఉదాహరణకి ఆసుపత్రిలో గీతలు గీయించిన పిల్లలాంటి వాళ్ళకి ఇస్తారా అని తెలుసుకుందామనీ అన్నాడు. గీతలు గీయించిన పిల్ల ఊరు మొత్తానికీ ఒక్కతే ఉందన్న సంగతి ఆ తరవాత గుర్తొచ్చి ఫోను పెట్టేశాడు.

మంగళవారం మధ్యాహ్నం స్వయంగా వెళ్ళాడు. గొడుగులు బాగుచేసే దుకాణం పైన రెండు గదులు, ఇరుకు మెట్లు. తలుపు మూసి ఉంది. భోజనం వేళ అని అట్ట వేలాడుతోంది. అప్పుడు టైము మూడు. మూడింటికి భోజనమేమిటని అట్టని ఒక ఫొటో, తలుపుని ఒకటి, మెట్లని ఒకటి తీసుకున్నాడు. కిందికొచ్చి గొడుగులతన్ని అడిగితే, పైన ఒక పెద్దావిడా ఒక పెద్దాయనా ఉంటారనీ, ఏటా కొందరు పిల్లలు వచ్చి నవ్వుకుంటూ పోతారనీ చెప్పాడు. నవ్వుకుంటూ అన్న మాట కింద భూతద్దం రెండు గీతలు గీశాడు. ఆయన అనుభవంలో మోసపోయినవాళ్ళు మొదట నవ్వుకుంటూనే వెళతారు.

నిజానికి పెద్దావిడా పెద్దాయనా అప్పుడు గదిలోనే ఉన్నారు. పని పూర్తయ్యేసరికి ఆలస్యమై అప్పుడే డబ్బాలు విప్పారు. తలుపు అవతల చప్పుడైతే కర్టెను కొంచెం తొలగించి, ఒకాయన తమ మెట్లకి ఫొటోలు తీయడం చూశారు. వాళ్ళ అనుమానాలు వాళ్ళకున్నాయి. రెండేళ్ళ కిందట ఎవరో తన మేనల్లుడి కోసం దొంగ పతకం సర్టిఫికెట్టు తయారుచేసి వాళ్ళని దాదాపు బుట్టలో వేశాడు. అప్పటినుంచీ ప్రతి దరఖాస్తు మీదా రహస్యంగా విచారణ జరుగుతుంది. విచారణ చేసేది ఆ పెద్దాయనే. ముప్పై ఏళ్ళు రైళ్ళలో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఎండాకాలంలో కూడా గోధుమరంగు కోటు విడవడు.

బుధవారం గీతలు గీయించిన పిల్ల దరఖాస్తు పోస్టులో వచ్చింది. సోమవారం రుమాలు గొంతు, మంగళవారం ఫొటోలు, బుధవారం దరఖాస్తు. పెద్దాయన మూడూ కలిపి చూసుకుని, దీని వెనక ఎవరో ఉన్నారని తేల్చి కోటు గుండీలు పెట్టుకున్నాడు.

గురువారం ఆయన ఆ వీధికి వచ్చి, మొదట లాండ్రీ దుకాణం దగ్గర ఆగాడు. ఆ పిల్ల ఎన్నింటికి బయటికి వెళుతుంది, ఎవరితో వెళుతుంది, ఇంట్లో ఎవరెవరుంటారు అని అడిగాడు. లాండ్రీ అతను అప్పటికి తెలియదని తప్పించుకుని, సాయంత్రం భూతద్దానికి మొత్తం ఒప్పజెప్పాడు.

"కోటు వేసుకున్నాడు సార్. మాట మర్యాదగానే ఉంది. అదే నాకు నచ్చలేదు."

భూతద్దానికి ఇప్పుడు అర్థమైంది. అమ్మాయి వాళ్ళకి రాసిన ఉత్తరం మీద ఇంటి చిరునామా ఉంది కదా, ఆ ఫారం పంపింది ఇందుకన్నమాట. ఆ క్షణం నుంచి అది డబ్బు విషయం కాదు, కన్నబిడ్డ విషయం. వెంటనే లాండ్రీ అతనికీ, మందుల దుకాణం వాడికీ, పక్కింటి పిన్నిగారికీ గట్టిగా చెప్పాడు. ఎవరొచ్చి అడిగినా అమ్మాయి గురించి నిజమన్నది నోట రాకూడదు. కారణం మాత్రం చెప్పలేదు. కారణం తెలియని రహస్యాన్ని జనం ఎంత శ్రద్ధగా కాపాడతారో ఆయనకి తెలియదు.

శుక్రవారం ఉదయం భూతద్దం తొమ్మిదిన్నర బస్సెక్కిన తరవాత కోటాయన మళ్ళీ వచ్చాడు. ఈ వీధిలో అసలు ఆడపిల్లలే లేరని లాండ్రీ అతను చెప్పాడు. అతని వెనకే ఆ పిల్ల స్కౌట్ చొక్కా, పేరు కుట్టిన జేబుతో సహా, ఇస్త్రీ చేసి కొక్కేనికి వేలాడుతోంది. ఉండేదిగాని పెళ్ళయి వెళ్ళిపోయిందన్నాడు మందుల దుకాణం వాడు. పిన్నిగారు కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పింది. ఆ పిల్ల పదింటిదాకా నిద్ర లేవదట, స్కేలు చేతికిచ్చినా తిన్నగా ఒక గీత గీయలేదట. కోటాయన ఇవన్నీ వరసగా రాసుకున్నాడు. అసలు లేని పిల్ల, పెళ్ళయిన పిల్ల, పదింటిదాకా నిద్రపోయే పిల్ల. ముప్పై ఏళ్ళ రైలు ఉద్యోగంలో ఇలాంటి ప్రయాణీకురాలు ఆయనకి తగలలేదు. చివరికి పిన్నిగారిని ఆసుపత్రికి దారి అడిగి, రేపు పదింటికి ఆ గీతలేవో కళ్ళారా చూస్తానని వెళ్ళాడు.

ఆ సాయంత్రం ఆఫీసు గోడగడియారం అయిదు కొట్టింది. గడువు అయిపోయింది. ఎంత గండం తప్పింది అని భూతద్దం అనుకున్నాడు. కాకపోతే కూతురు మళ్ళీ ఒక్కసారి కూడా సంతకం మాట ఎత్తలేదు. అలిగి ఉంటే బాగుండేది. ఆయన ఇంటికి చేరగానే మామూలుగా వచ్చి మంచినీళ్ళిచ్చి వెళ్ళింది. ఆ గ్లాసు ఆయన చాలాసేపు చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడు. అంతలో పిన్నిగారు గోడ మీదుగా పిలిచి, రేపు పదింటి సంగతి చెప్పింది.

శనివారం పదికి పావుగంట ముందే ఆయన ఆసుపత్రిలో స్తంభం చాటుకి చేరాడు. మూడు నెలలకొకసారి స్కౌట్ దళం వచ్చి అరిగిన గీతలకి మళ్ళీ రంగు వేస్తుంది. ఆ వేళ పసుపు గీత వంతు. పిల్లలు అవతలి మలుపు దాకా వేసుకుంటూ పోయారు. ఇవతల రంగు ఇంకా తడిగానే ఉంది.

కోటాయన వచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతుకూర్చుని, బొటనవేలి గోటితో గీతని గీకి చూశాడు. పచ్చి రంగు అంటింది. తను వస్తున్నానని తెలిసి ఈ ఉదయమే గీశారన్నమాట అని ఆయన నిర్ధారణకి వచ్చాడు. వీడు మా అమ్మాయి గీతల్ని చెరిపేస్తున్నాడని స్తంభం చాటున భూతద్దం నిర్ధారణకి వచ్చాడు. కాలరు పట్టుకుందామని ఒక్క అంగ వేశాడు. వదులు కళ్ళజోడు జారి కింద పడింది, దాని కోసం వంగిన మనిషి కాలు తడి రంగు మీద పడింది. ఆ తరవాత ఇద్దరూ కలిసి, ఎవరు ఎవర్ని పట్టుకున్నారో తెలియకుండా, పసుపు గీత వెంట తిన్నగా జారుకుంటూ పోయి రక్తపరీక్ష గది గుమ్మంలో ఆగారు.

లోపల కూర్చున్న నర్సు తల ఎత్తకుండానే టోకెన్లు తీసుకున్నారా అని అడిగింది.

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి చెరో భుజం పట్టుకున్నాడు. వీడు మోసగాడని ఆయనా, వీడే మోసగాడని ఈయనా చెప్పారు. ఇద్దరూ నిలువెల్లా పసుపుగా ఉండటంతో ఎవరి మాట నమ్మాలో వాచ్‌మన్‌కి తోచలేదు. ఈలోగా చేతిలో బ్రష్షుతో ఆ అమ్మాయి వచ్చింది. వీళ్ళని నువ్వు ఎరుగుదువా అని వాచ్‌మన్ అడిగాడు.

ఆ పిల్ల ఇద్దర్నీ పరకాయించి చూసింది.

"ఇటు పడ్డాయన మా నాన్న. అటు పడ్డాయన గురువారం నుంచి మా వీధిలో తిరుగుతున్నారు. సార్, ఆ మోచెయ్యి కదపకండి, విరిగినట్టుంది."

మెడలోని స్కార్ఫు విప్పి, పెద్దాయన చేతిని కదలకుండా మడిచి, మెడకి వేలాడేలా కట్టింది. తండ్రి మోకాలు గీరుకుపోతే కడిగి మందు రాసింది. ఇదంతా చేస్తున్నంతసేపూ ఎవరినీ ఏమీ అడగలేదు. వంగినప్పుడు ఆమె జేబులో ఉన్న చిన్న పుస్తకం మాత్రం జారి కోటాయన ఒళ్ళో పడింది. ఆయన మంచి చేత్తో తెరిచి చూశాడు. గురువారం నాలుగుంబావు, గోధుమరంగు కోటు, ఎడమకాలు కొంచెం ఈడుస్తారు, లాండ్రీ దగ్గర ఆరు నిమిషాలు. శుక్రవారం ఎనిమిదీ ఇరవై, నాన్న సొంత ఇంటి గేటు వెనకే నక్కి ఉన్నారు, కారణం తెలియదు.

"ఈ పిల్ల నాకన్నా బాగా రాసింది," అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. తరవాత ట్రస్టు గుర్తింపు కార్డు తీసి వాచ్‌మన్ చేతికిచ్చాడు.

భూతద్దం ఆ కార్డుని తిప్పి చూడలేదు, వెలుతురుకి ఎత్తి చూడలేదు. ఆయన మొహంలో రంగు అంటని చోటల్లా తెల్లబోయింది. వీధిలో అబద్ధాలు చెప్పించింది తనేనని, ఫోను చేసిందీ ఫొటోలు తీసిందీ తనేనని అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఎంతోమంది చేత ఒప్పించాడుగాని తను ఒప్పుకోవడం అదే మొదలు.

"నిన్నటితో గడువైపోయింది. నేను సంతకం పెట్టకపోవడం వల్లే. తప్పు నాది, పిల్లది కాదు. ఇప్పుడు పెడతాను, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను, తీసుకోండి."

పసుపు చేతిని అలాగే చాచి కూర్చున్నాడు. కోటాయన ఆయనకేసి విచిత్రంగా చూశాడు.

"దరఖాస్తు మాకు బుధవారమే అందిందండీ. తల్లి సంతకం ఉంది. ఇద్దరిలో ఎవరిదైనా ఒకటి చాలు."

భార్యకి కబురెళ్ళింది. ఆవిడ వచ్చేసరికి ఆయన రక్తపరీక్ష బెంచీ మీద, మిగతా రోగులకి కొంచెం ఎడంగా కూర్చుని ఉన్నాడు. సోమవారం పది గంటలకి తనే సంతకం చేసి, తన కౌంటరులో తనే ముద్ర కొట్టి రిజిస్టరు పోస్టులో పంపానని ఆవిడ చెప్పింది. ఆయన మంగళవారం మెట్లకి ఫొటోలు తీసే వేళకి ఆ కవరు సగం దారిలో ఉంది.

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"చెబితే నా మీద విచారణ మొదలుపెడతారని."

సోమవారం ట్రస్టు పెద్దావిడ స్వయంగా ఆసుపత్రికి వచ్చింది. ఎవరినీ దారి అడగకుండా ఆకుపచ్చ గీత పట్టుకుని నడిచి, మందుల కౌంటరు చేరి, వెనక్కి తిరిగి, మళ్ళీ ఇంకోసారి నడిచింది. పది రోజులకి ఉత్తరం వచ్చింది. కాలేజీలో ఉన్నన్నేళ్ళూ ఆ పిల్ల ఫీజు ట్రస్టే కడుతుందని అందులో ఉంది. తండ్రి దాన్ని కూతురి చేత మూడుసార్లు చదివించుకుని విన్నాడు. నాలుగోసారి ఆమె చదవనంది.

అదే కవరులో ఆయన పేరున ఇంకో కాగితం ఉంది. విచారణ చేసే పెద్దాయన మోచేతికి రెండు నెలలు కట్టు ఉంటుందట. ఇంకా పద్నాలుగు దరఖాస్తులు విచారించాల్సి ఉందట. ట్రస్టు పెట్టినప్పటినుంచీ ట్రస్టునే ఇంత క్షుణ్ణంగా తనిఖీ చేసిన మనిషి ఇంకొకరు లేరు కాబట్టి, ఆ రెండు నెలలూ శనివారాలు తమరు సాయపడగలరా అని పెద్దావిడ అడిగింది. ఆయన కాగితాన్ని పైనుంచి కిందికి చదివి, జేబులోంచి పెన్ను తీసి, అడుగున సంతకం చేసేశాడు. భార్య పక్కనే నిలబడి ఆశ్చర్యంగా చూసింది.

జీతం ఉండదనీ, బస్సు ఖర్చులు కూడా తమరే పెట్టుకోవాలనీ స్పష్టంగా రాసి ఉండటంతో ఆయనకి ఏ అనుమానమూ కలగలేదు.