మిగిలిన వైరు

ఆ రోజు ఉదయం సుదర్శనం వేసుకున్న పథకం చిన్నదే. తన పాత కారుకు కొత్త స్విచ్చి బిగించాలి. తర్వాత భార్య కోమలవల్లితో తిరుపతి నుంచి రేణిగుంటకు వెళ్లి, మద్రాసు రైలు దిగే అధికారికి స్వాగతం చెప్పాలి.

అది 1942. విశాఖపట్నంలో బాంబులు పడి నెల కూడా కాలేదు. జంక్షన్ కాబట్టి రేణిగుంట మీదా పడతాయేమోనన్న భయంతో స్టేషన్ ముందు కందకాలు తవ్వించారు. సైరన్ మోగగానే జనం వాటిలోకి దిగాలి. వాళ్లను దించవలసిన స్వచ్ఛంద దళానికి నాయకుడు, దేవస్థానం ఆఫీసులో రిటైరైన సుదర్శనం. ఇంతవరకు చేసిన రిహార్సల్స్‌లో ఒక్క ప్రాణీ దిగలేదు. "ఈ వాయి దించినాక వస్తా, పో సామీ" అనేది స్టేషన్ ముందు ఇడ్లీలమ్మే నాగులమ్మ. ఇవాళ తన ముందు జరిగే రిహార్సల్‌లో కూడా ఇదే తంతయితే నాయకుణ్ణి మారుస్తామని అధికారి ముందే కబురు పంపాడు.

కారు పాత స్విచ్చికి ఒక జబ్బు ఉండేది. గుంత వస్తే చాలు, ఇంజను ఆగిపోయేది. మెకానిక్ మునెయ్య పెళ్లికని బంగారుపాళ్యం వెళ్లాడు.

"నాలుగు వైర్లు ఊడదీసి నాలుగు వైర్లు బిగించేదానికి మునెయ్యే రావల్నా?" అంటూ సుదర్శనం స్టీరింగు కిందికి దూరాడు. చాలాసేపటికి చెమటలు కక్కుతూ బయటికి వచ్చాడు. తాళంచెవి తిప్పి, ముందుకు వెళ్లి హ్యాండిల్ వేయగానే ఇంజను అందుకుంది.

కోమలవల్లి తొంగి చూసింది. "ఏమండీ, ఈడ ఒక వైరు మిగిలిపోయినాది."

"పాత కార్లల్లో అట్లా ఒకటి ఉంటాదిలే. దాంతో పని లేదు," అని దాన్ని లోపలికి తోసేశాడు.

దారిలో ఎన్ని గుంతలు వచ్చినా కారు ఆగలేదు. సుదర్శనం మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. రేణిగుంట రైల్వే గేటు పట్టాల మీద కారు ఎగిరిపడింది. వెంటనే హారన్ మోగడం మొదలైంది. ఆయన బటన్‌ను గుద్దాడు. ఆగలేదు. తాళంచెవి తిప్పాడు. ఇంజను ఆగింది కానీ హారన్ ఆగలేదు. కారు అదే ఊపులో జారుకుంటూ స్టేషన్ ముందు బజారులోకి వచ్చి నిలిచింది.

ఆ మోత విని బజారంతా ఒక్క క్షణం కొయ్యబారిపోయింది. ఎవరో ఆకాశంలో గద్దను చూసి, "ఇమానం! ఇమానం!" అని కేక వేశారు. అంతే, జనం బుట్టలు పారేసి కందకాల వైపు పరుగు తీశారు. నాగులమ్మ ఇడ్లీ గిన్నెతో సహా దూకింది.

పైకి చూపిస్తూ పరుగెత్తే జనాన్ని చూసి సుదర్శనానికి గుండె జారిపోయింది. "నిజంగానే విమానాలు వచ్చినాయే! దిగు, దిగు!" అని అరిచాడు.

"హారనండీ!" అని అరిచింది కోమలవల్లి.

ఆ మోతలో ఆయనకు అది "ఔనండీ" అని వినిపించింది. వెనకే వస్తుందనుకుని పరుగెత్తి కందకంలోకి దూకాడు. తిరిగి చూస్తే భార్య లేదు. పక్కన నాగులమ్మ మాత్రం ఉంది.

"అమ్మ యాడ సామీ?"

ఆయన తల ఎత్తి చూశాడు. కోమలవల్లి కారులోనే ఉంది, స్టీరింగు కిందికి వంగి. భయంతో కదలలేకపోతోందనుకున్నాడు. ఒకసారి ఆకాశం వైపు చూసి, గోవిందనామం తలచుకుని, కందకం నుంచి పైకి పాకాడు.

"పోవద్దప్పా, సచ్చిపోతావు!" అని నాగులమ్మ పంచె పట్టుకుంది. ఆయన విదిలించుకున్నాడు. బోర్లా పడుకుని, మోచేతులతో దుమ్ములో ఈడ్చుకుంటూ కారు దగ్గరికి చేరాడు. సరిగ్గా అప్పుడే కోమలవల్లి ఆ మిగిలిన వైరును పట్టి లాగింది. హారన్ ఆగిపోయింది. జనం ఒక్కొక్కరే తలలు పైకి ఎత్తారు.

సుదర్శనం ముక్కు ముందు నల్లని బూట్లు కనిపించాయి. రైలు దిగిన అధికారి!

"సైరన్ పాడైతే పనులు ఆగిపోకూడదని కారు హారన్ వాడారా?" అన్నాడు అధికారి, ఆశ్చర్యంగా. "ఒక్కరు కూడా బయట లేరు! నాయకుడు ముందుగా ఆకాశం పరిశీలించి, పాకుతూ బయటికి వచ్చాడు! జిల్లాలో ఇలాంటి క్రమశిక్షణ నేనెక్కడా చూడలేదు."

సుదర్శనం లేచి నిలబడి దుమ్ము దులుపుకున్నాడు. నిజం చెబుదామని నోరు తెరిచాడు. కోమలవల్లి ఆయన కాలు తొక్కింది.

"మీ దళం ఇక మీ చేతుల్లోనే ఉంటుంది," అన్నాడు అధికారి. "ఇంత పెద్ద మోత మా సైరన్‌కు కూడా లేదు. యుద్ధం ముగిసేదాకా ఈ కారు స్టేషన్ ముందే ఉండాలి. ఇవాళే ఉత్తర్వు రాయిస్తాను."

మధ్యాహ్నం ఎండలో దంపతులు జట్కా ఎక్కారు.

"ఏమండీ, ఈ యుద్ధం ఎప్పుడు అయిపోతాదంటారు?" అని అడిగింది కోమలవల్లి.

"అదొక్కటీ నా చేతిలో లేదే," అన్నాడు దళ నాయకుడు.