చెట్టు బతికుందనడానికి రుజువేది?

చెట్టు బతికుందో చచ్చిందో తేల్చాల్సింది చెట్టు కాదు, యాప్! ఈ మాట పూర్తి బాధ్యతతో అంటున్నాను. మా బావమరిది ఆ యాప్ పట్టుకుని తిరిగే ఆఫీసరు కాబట్టి వెనకేసుకొస్తున్నానని మీరనుకుంటారు. అనుకోండి. మా ఆవిడ కూడా అలాగే అనుకుంటోంది, అందుకే నాకీమధ్య కాఫీ వేళకు అందుతోంది.

అసలు సంగతి చెబుతాను. కొండమీది గిరిజనులకు బతుకుదెరువు, జనానికి మూలికా వైద్యం, రెండూ కలిసొస్తాయని ఎనిమిదేళ్ల కిందట ఒక స్కీమ్ పెట్టారు. కొండంతా బంక చెట్లు నాటించారు. చెట్టుకు గాటు పెడితే బంక కారుతుంది, ఆ బంక కీళ్ల నొప్పులకు పట్టు వేస్తారు. నాటినవాళ్లలో ఒకామెను అందరూ బంకవ్వ అంటారు. మూడు వందల మొక్కలకు వాగు నుంచి బిందెలతో నీళ్లు మోసి మోసి ఆమె నడుం వంగిపోయింది. మొక్కలు మాత్రం నిటారుగా పెరిగాయి. ఈ ఎండాకాలం మొదటి గాటు పెట్టాలి. గాటుకు పర్మిట్ కావాలి. పర్మిట్‌కు సర్వే కావాలి. సర్వేకు మా బావమరిది కావాలి.

మావాడు ఆయాసపడుతూ కొండెక్కి, ట్యాబ్ తీసి, మొదటి చెట్టుకు ఫొటో కొట్టాడు. 'చచ్చింది' అంది యాప్. రెండోదీ చచ్చింది. సాయంత్రానికి మూడు వందలూ చచ్చాయి! ఎందుకంటే ఈ చెట్టుకొక పాడు అలవాటుంది. ఎండలు ముదరగానే ఆకులన్నీ రాల్చేసుకుంటుంది. సరిగ్గా అప్పుడే బంక కారుతుంది. ఇదేం పద్ధతండీ? తనిఖీ రోజున ఒంటిమీద నూలుపోగు లేకుండా నిలబడే ఉద్యోగిని మీరైతే ఊరుకుంటారా?

బంకవ్వ కత్తి మొనతో ఒక చెట్టుకు చిన్న గాటు పెట్టింది. తెల్లటి బంక ఉబికి వచ్చింది. చచ్చినదాంట్లోంచి ఇదెలా వచ్చిందని అడిగిందట. మావాడు చదువుకున్నవాడు, తొణకలేదు. యాప్‌లో ఆకుకు గడి ఉంది, బంకకు లేదని విడమరిచి చెప్పాడు. పైగా బంక ముట్టుకున్న వేలు ట్యాబ్‌కు అతుక్కుపోయి పూటంతా వృథా అయిందని నా దగ్గర వాపోయాడు.

రూలు ప్రకారం చచ్చిన చెట్లు నరికేసి కొత్తవి నాటాలి. అంటే మళ్లీ ఎనిమిదేళ్లు. బంకవ్వకు ఇప్పుడే డెబ్బై.

“అవి పెరిగేసరికి నన్ను పాతేసి ఉంటారు బాబూ,” అంది.

మావాడి మనసు కరిగింది. ట్యాబ్ పట్టినవాడికి మనసుండదని ఎవరన్నారు?

ఉపాయం వాడే చెప్పాడు. ఆకులు కనిపిస్తే చాలు, ఎవరి ఆకులైనా ఫర్వాలేదన్నాడు. ఊరంతా కూడి టేకు ఆకులు తెచ్చి కొమ్మలకు కట్టారు. యాప్ 'టేకు' అని రాసుకుంది. కలప దొంగచాటుగా పెంచుతున్నారని మర్నాడే ఇంకో ఆఫీసు నుంచి నోటీసు! అరటాకులు కడితే గెలలేవని అడిగింది. చివరికి ఫంక్షన్ హాళ్లకు డెకరేషన్ చేసేవాడి దగ్గర లారీడు ప్లాస్టిక్ ఆకులు తెప్పించి, తీగలతో బిగించి కట్టారు. యాప్ మురిసిపోయి 'చాలా ఆరోగ్యంగా ఉంది' అంది. పిట్టలు మాత్రం ఆ కొమ్మల దరిదాపులకు రాలేదు. పిట్టలకేం తెలుసు, వాటి దగ్గర ట్యాబ్ ఉందా?

నూటికి నూరు చెట్లూ బతికాయి! స్కీమ్‌కు అవార్డు, మావాడికి ప్రమోషన్. పర్మిట్ ఒక్కటే రాలేదు. ఆకు పచ్చగా ఉన్న చెట్టుకు గాటు పెట్టడం నేరమట, రాలాకే పెట్టాలట. ఆ రూలూ యాప్‌లోనే ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడనేది పాత మాట. ఇప్పుడు పూజారి కూడా ఇచ్చేశాడు పాపం, యాపే ఇవ్వలేదు.

ఎండాకాలం పోయింది. వానలు పడి, ప్లాస్టిక్ ఆకుల పక్కనే అసలు ఆకులు మొలిచాయి. బంకవ్వ కొండ దిగి టౌన్‌కు వచ్చేసింది. అంతమాత్రాన స్కీమ్ వల్ల బతుకుదెరువు దొరకలేదని ఆడిపోసుకోకండి! స్కీమ్‌కు మూడంతస్తుల కొత్త ఆఫీసు కడుతున్నారు. అక్కడే ఇటుకలు మోస్తోంది.

మొన్న మావాడు తన కొత్త గది చూపిస్తానని నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. లిఫ్ట్ ఇంకా పెట్టలేదు. మూడో అంతస్తుకి చేరేసరికి మోకాలు పట్టుకుని ఇసుక గుట్ట మీద కూలబడ్డాడు. ఎదురుగా తట్టతో బంకవ్వ. గుర్తుపట్టి, పట్టు వేసుకుంటాను, కాస్త బంక ఉంటే ఇవ్వమని అడిగాడు.

ఆమె తట్ట దించి, కొంగుతో మొహం తుడుచుకుంది. ఆమె గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

“ఆకు రాలాక తియ్యమన్నారు కదా బాబూ. మీరు కట్టించినవి ఎప్పుడు రాలతాయి?”