లైట్‌హౌస్‌కి వెళ్ళని బస్సు

ఆ ఉదయం లుదివీనా వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. హాస్టల్లో ఇచ్చే రొట్టె తిని, కాఫీ తాగి, స్పెయిన్‌లోని కొరున్యా ఊరి బస్టాండు బయట ఆగే టూరిస్టు బస్సెక్కి, సముద్రం ఒడ్డున ఉన్న పాత లైట్‌హౌస్ చూసి, దాని ముందు ఫోటో దిగి, చీకటి పడేలోగా తిరిగి రావాలి. అంతే.

ఫిలిప్పీన్స్‌లోని ఇలోఇలో పట్టణంలో ఆమె సంగీతం టీచరు. నలభై ఆరేళ్ళ వయసులో మొదటిసారి దేశం దాటింది, అదీ ఒంటరిగా. బయల్దేరే ముందు పెద్దక్క పురింగ్ ఆమెని కూర్చోబెట్టి మరీ పాఠాలు చెప్పింది. చర్చి వాళ్ళతో కలిసి ఒకసారి యూరప్ చుట్టి వచ్చింది కాబట్టి ఆ ఖండం మొత్తం తన చేతిలో ఉన్నట్టు మాట్లాడుతుంది పురింగ్. నల్ల కోటు వేసుకో, అక్కడ అందరూ అదే వేసుకుంటారంది. నలుగురూ ఏం చేస్తే నువ్వూ అదే చెయ్యమంది. ఎవరేం అడిగినా మొహం మీద కాదనొద్దు, మర్యాదగా ఉండదంది.

ఈ పాఠాలతోనే లుదివీనా పారిస్‌లో మ్యూజియం వరస అనుకుని నిలబడి రక్తదాన శిబిరంలో తేలింది. కాదనలేక చొక్కా చెయ్యి పైకి మడుస్తుంటే, నర్సే ఆమె బక్క శరీరాన్ని ఎగాదిగా చూసి ఇంటికి పంపేసింది. అంత జరిగినా అక్క మాట మీద ఆమెకి నమ్మకం పోలేదు.

బస్టాండు బయట ఒకే ఒక్క బస్సు ఉంది. బోర్డు లేదు. డ్రైవరు టైరుకి ఆనుకుని సిగరెట్టు కాలుస్తున్నాడు. లైట్‌హౌస్‌ని ఇక్కడ ఫారో అంటారని లుదివీనా ముందే నేర్చుకుంది. "ఫారో?" అనడిగింది. అతను తలూపి, ఎక్కమని చెయ్యి చూపించాడు. అది వెళ్ళే పల్లె పేరు కూడా ఫారోయేననీ, కొండల మధ్య ఉన్న ఆ పల్లెకీ సముద్రానికీ ఏ సంబంధమూ లేదనీ ఆమెకి తెలిసే వీలు లేదు.

బస్సులో అందరూ నల్లబట్టల్లో ఉన్నారు. అక్క ఎంత సరిగ్గా చెప్పిందో అనుకుని లుదివీనా సంబరపడింది. ఆమె వెనకాలే ఎర్మీతాస్ అనే ముసలావిడ, బండి చక్రమంత పూలచక్రాన్ని మోస్తూ మెట్లెక్కలేక అవస్థ పడుతోంది. లుదివీనా మర్యాదకి దాన్ని అందుకుంది. ముసలావిడ ఎక్కి, ఆమె పక్కనే చతికిలబడి, మోకాళ్ళు రుద్దుకుంది కానీ పూలచక్రాన్ని మాత్రం తిరిగి తీసుకోలేదు. సముద్రంలో పోయినవాళ్ళ కోసం నీళ్ళలో వదులుతారు కాబోలు, టూర్‌లో ఇదొక భాగం కాబోలు అనుకుని, లుదివీనా దాన్ని ఒళ్ళోనే పెట్టుకుంది.

ఊరు దాటాక ఎర్మీతాస్ పలకరింపులు మొదలుపెట్టింది. ఏ ఊరని అడుగుతోందని మాత్రం అర్థమై లుదివీనా చెప్పింది.

"ఇలోఇలో."

బస్సులో మాటలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ముందు సీటులో ఉన్న సెల్సో అనే పెద్దాయన వెనక్కి తిరిగి, ఆమెని చూసి, మెల్లగా టోపీ తీశాడు.

దానికి కారణం ఉంది. వాళ్ళంతా వెళ్తున్నది ఎవరిస్తో అనే మనిషి అంత్యక్రియలకి. ఈ ఎవరిస్తో వయసులో ఉండగా ఓడెక్కి కొన్నాళ్ళు కనబడకుండా పోయి తిరిగొచ్చాడు. అప్పట్నుంచీ ఊరి సారా దుకాణంలో ఏ మాట వచ్చినా "నేను ఇలోఇలోలో ఉన్నప్పుడు" అని అందుకునేవాడు. అక్కడ తనని వీధివీధినా పేరు పెట్టి పిలిచేవారట. తుపానులో ఒక కుటుంబాన్ని భుజాల మీద మోసి గట్టెక్కించాడట. ఊరు పడీపడీ నవ్వేది. "అది ఊరి పేరా, కోడికూతా?" అని సెల్సో దాదాపు యాభై ఏళ్ళపాటు అతని మొహం మీదే వెక్కిరించాడు. చివరికి పిల్లలు కూడా ఎవరిస్తో కనబడితే కోడిలా కూసేవారు. అతను పోయేదాకా కూశారు.

ఎర్మీతాస్ గొంతు తగ్గించి, నీకు ఎవరిస్తో తెలుసా అని అడిగింది. ఎవరిస్తో అంటే ఆ లైట్‌హౌస్ పేరేమో అనుకుంది లుదివీనా. గైడు పుస్తకంలో ఎక్కడో చదివానేమో కూడా అనిపించింది. తెలియదంటే బాగుండదని, "సిగురో" అంది. ఇలోఇలోలో ఆ మాటకి ఏమో, కావచ్చు అని అర్థం. స్పెయిన్ దొరతనం నాడు ఆ దీవులకి వెళ్ళిన ఆ మాట అక్కడి వేడికి కాస్త మెత్తబడింది. పుట్టిన గడ్డ మీద మాత్రం దానికి ఇంకా నిశ్చయంగా అనే అర్థం.

అప్పుడు ముసలావిడ ఇంకేదో అడిగింది. అందులో ఈహా అనే మాట ఒక్కటే లుదివీనా చెవిన పడింది. వాళ్ళ ఊళ్ళో పెద్దవాళ్ళు ఆడపిల్లని ముద్దుగా పిలిచే పిలుపది. పరాయి దేశంలో తనని ఒకరు అంత ఆప్యాయంగా తల్లీ అని పిలిచారని కళ్ళు చెమర్చి, లుదివీనా నవ్వుతూ తలూపింది. ఆవిడ అడిగింది, నువ్వు ఆయన కూతురివా అని.

బస్సు ఆగింది. సన్నగా వాన పడుతోంది. సముద్రం లేదు. లైట్‌హౌస్ లేదు. ఒక రాతి చర్చి, దాని గుమ్మంలో నలుగురు మోస్తున్న శవపేటిక ఉన్నాయి. లుదివీనా తన ఒళ్ళోని పూల వైపు, ఆ పెట్టె వైపు, చుట్టూ ఉన్న నల్లబట్టల వైపు చూసింది. అప్పటిదాకా చల్లగా ఉన్న ఒళ్ళు చెవుల దాకా కాలిపోయింది. పూలచక్రాన్ని ఎవరి చేతిలోనైనా పెట్టి పారిపోదామని చూస్తే, జనం రెండుగా చీలి ఆమెకి దారి ఇచ్చారు. ఎర్మీతాస్ మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, మొదటి వరసలో చనిపోయినాయన భార్య దోసిండా పక్కన కూర్చోబెట్టింది.

దోసిండా పొట్టి మనిషి. వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంది. లుదివీనాని బూట్ల నుంచి జుట్టు దాకా ఒకసారి చూసి, మళ్ళీ పెట్టె వైపు తిరిగింది.

లుదివీనాకి ఏడుపొచ్చింది. ఎవరో తెలియని మనిషి చావుకి, పిలవకుండా, ఆయన పెళ్ళాం పక్కన వచ్చి కూర్చున్నందుకు సిగ్గుతో ఏడ్చింది. జనానికి అది కూతురి ఏడుపులాగే కనబడింది. వెనక వరసల్లో ముక్కులు చీదడం మొదలైంది. ఫాదర్ చెవిలో ఎవరో ఏదో ఊదారు. ఆయన ప్రసంగంలో ఫిలిప్పీన్స్ అనే మాట రెండుసార్లు దొర్లింది. పాట మొదలయ్యాక గాయకులు శ్రుతి తప్పారు. ఇరవై ఏళ్ళుగా పిల్లల శ్రుతులు సరిదిద్దిన నోరు ఊరుకోలేక, ఆమెకి తెలియకుండానే పై స్వరం అందుకుంది. చర్చి అంతా మెడలు చాచి ఆమెనే చూసింది. ఎవరిస్తోకి కూడా గొంతు బాగుండేదని ఎవరో అన్నారు. అతను జీవితంలో ఎప్పుడూ పాడలేదు.

సమాధి దగ్గర ఇంకా ఘోరమైంది. ఊరంతా వరసకట్టి వచ్చి, దోసిండాకి రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టి, తర్వాత లుదివీనాకి పెట్టడం మొదలెట్టారు. ఆమె "నో, నో" అంది. తండ్రి పోయాడంటే ఒప్పుకోలేకపోతోంది పిచ్చిపిల్ల అనుకుని ఇంకా గట్టిగా కౌగిలించుకున్నారు. ఇంగ్లీషులో నిజం చెప్పబోయింది. అర్థమయ్యేవాళ్ళు లేరు. ఆఖర్న సెల్సో వచ్చాడు. టోపీ నలుపుతూ ఏదో చాలాసేపు చెప్పాడు. అందులో క్షమించమనే మాట ఒక్కటి ఆమెకి తెలిసింది. అంత పెద్ద మనిషి తన ముందు వెక్కివెక్కి ఏడుస్తుంటే, భూమి నోరు తెరిస్తే ఎవరిస్తో పక్కన నేనూ పడుకునేదాన్ని కదా అనిపించింది లుదివీనాకి. రక్తదాన శిబిరం ఎంత పరువైన చోటో అప్పుడు తెలిసింది.

ఇంటికి చేరగానే దోసిండా ఆమె మణికట్టు పట్టుకుని వంటగదిలోకి లాక్కెళ్ళి తలుపు వేసింది. ఆ తర్వాత చక్కటి ఇంగ్లీషులో అడిగింది.

"ఏ బస్సనుకుని ఎక్కావు?"

లుదివీనా బల్ల మీద తల వాల్చేసింది. "లైట్‌హౌస్ బస్సనుకున్నానండీ. నేను మీ ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. నేను ఆయన కూతుర్ని కాను. నన్ను క్షమించండి. ఇప్పుడే బయటికెళ్ళి అందరికీ చెప్పేస్తాను, మీరు వాళ్ళ భాషలో చెప్పండి, చాలు."

"కూర్చో. ఎవరికీ ఏమీ చెప్పొద్దు." దోసిండా పొయ్యి మీది గిన్నెలోంచి ఆకుకూరా బంగాళాదుంపా ఉడికిన వేడి సూపు తీసి ఆమె ముందు పెట్టింది. "మా ఆయన మీ ఊరు చూడలేదు. ఆయనెక్కిన ఓడ మా దేశపు కనారీ దీవుల దాకా వెళ్ళింది. అక్కడిదాకా కక్కుతూనే ఉన్నాడట. దింపేశారు. తిరుగు టిక్కెట్టు సంపాదించేదాకా రేవులో హోటల్లో పళ్ళాలు కడిగాడు. మీ దేశం నావికులు అక్కడ తినడానికి వచ్చేవాళ్ళు. వాళ్ళు చెప్పినవే ఈయన కబుర్లు."

"మీకు తెలుసా ఇదంతా?"

"పెళ్ళైన రాత్రే చెప్పాడు. నాతో అబద్ధమాడేవాడు కాదు." దోసిండా కిటికీలోంచి ముంగిట్లో గుమిగూడిన జనాన్ని చూసింది. "చూడు, సెల్సో టోపీ తీసి నిలబడ్డాడు. ఆయన బతికుండగా ఒక్కసారి తీసుంటే ఎంత సంతోషపడేవాడో. ఇప్పుడు నువ్వెళ్ళి నిజం చెప్పావనుకో, రేపట్నుంచి ఆ సమాధి దగ్గరకొచ్చి కోడికూతలు కూస్తారు."

లుదివీనా చెంచా కింద పెట్టింది. "కానీ వాళ్ళు నన్ను కూతురనుకుంటున్నారండీ. ఆయనకి వేరే ఆడమనిషి ఉందనుకుంటారు. మీకు తలవంపులు కదా."

దోసిండా కాస్త ఆలోచించింది. "నలభై ఏళ్ళు కోతలరాయుడి పెళ్ళాన్ని. ఇవాళ పొద్దున్నుంచి సముద్రాలు దాటి పిల్లని కన్నవాడి పెళ్ళాన్ని. రెండోదే నయంగా ఉంది."

తర్వాత ఆమె కూడా కూర్చుని రొట్టె విరిచింది. తనకీ పంతొమ్మిదేళ్ళప్పుడు ఒంటరిగా ఊరు దాటాల్సి వచ్చిందట. లండన్ ఆసుపత్రిలో నేల తుడిచే పని. పారిస్‌లో రైలు మారాల్సి ఉండగా దారి తెలియక, మూటలు పట్టుకున్న ఆడవాళ్ళ గుంపు కనిపిస్తే వాళ్ళ వెనకే నడిచింది. వాళ్ళు ద్రాక్ష కోతకెళ్ళే కూలీలు. తప్పు బండి ఎక్కానని చెప్పడానికి సిగ్గేసి, సీజనంతా ద్రాక్ష కోసింది. లండన్ చేరేసరికి క్రిస్మస్ వచ్చేసింది. ఆసుపత్రిలో ఆ ఉద్యోగం వేరేవాళ్ళకి ఇచ్చేశారు. మళ్ళీ బతిమాలుకుని చేరి, పదేళ్ళు అక్కడే ఉండిపోయింది.

"ఈ సంగతి మా ఆయనకి చెప్పాను. వారం తిరక్కుండా దుకాణంలో కూర్చుని, తను ఫ్రాన్సులో ద్రాక్ష కోసినట్టు చెప్పాడు" అంది దోసిండా. ఆ రోజు మొదటిసారి ఆమె గొంతు తడబడింది. లుదివీనా ఏం చెయ్యాలో తెలియక ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ సూపు చల్లారకముందే తాగేశారు.

ముందుగదిలోకి వచ్చాక సెల్సో అడిగిన దాన్ని దోసిండా ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. ఇలోఇలోలో ఎవరిస్తోని జనం నిజంగానే పేరు పెట్టి పిలిచేవారా అని అతని ప్రశ్న.

నేల చూపులు చూస్తూ లుదివీనా చెప్పింది. "నాకు తెలియదండీ. నేనాయన్ని చూడలేదు."

దోసిండా ఆ ముక్కనే వాళ్ళ భాషలోకి మార్చింది. మార్చడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో చేతులతో పెద్ద అలొకటి చూపించింది, గొంతు తగ్గించింది, పెంచింది. జనం ఒకసారి గొల్లున నవ్వారు, ఒకసారి గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నారు. ఆఖరికి సెల్సో గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏం చెప్పారండీ?" అని లుదివీనా చెవిలో అడిగింది.

"నువ్వు చెప్పిందే" అంది దోసిండా.

సాయంత్రం బస్సు దగ్గరికి ఊరంతా వచ్చింది. చేప కూరిన రొట్టెలు, ఒక సీసా ద్రాక్ష సారాయి, దారిలో చలేస్తుందని ఒక ఉన్ని శాలువా ఒళ్ళో పడ్డాయి. ఒక్కొక్కటి తీసుకున్నప్పుడల్లా లుదివీనాకి దొంగతనం చేసినట్టే ఉంది. దోసిండా ఆమె నుదుటి మీద ముద్దుపెట్టి, వెళ్ళిరమ్మంది. నాన్న సంవత్సరీకం ప్రార్థనకి తప్పకుండా రావాలని సెల్సో చెప్పాడు. ఎర్మీతాస్ మాత్రం రెండు చేతులతో ఆమె మొహాన్ని పట్టుకుని, దీపం వెలుతురుకి తిప్పి, మనసులో మిగిలిన ఆ కాస్త అనుమానమూ తీరిపోయినట్టు జనం వైపు తిరిగి ఏదో ప్రకటించింది. అందరూ ఔనౌనన్నారు. దోసిండా నవ్వాపుకుంటూ దాన్ని కూడా ఇంగ్లీషులో చెప్పింది: మిగతా అంతా వాళ్ళమ్మ పోలికేమో గానీ, ముక్కు మాత్రం అచ్చం ఎవరిస్తోదేనట.

కొరున్యా దీపాలు కనబడేదాకా లుదివీనా బస్సు కిటికీ అద్దంలో తన ముక్కునే చూసుకుంటూ కూర్చుంది.