ఆపొలోనియా స్వయంవరం

ఆల్టెన్‌బ్రున్ పట్టణంలోని తగరం పోతపనివారి సంఘం ఆ ఏడు వసంతంలో, కేవలం దయకొద్దీ, ఒక విధవరాలికి మళ్ళీ పెళ్ళి చెయ్యాలని తీర్మానం చేసింది. కీర్తిశేషుడు మథేయుస్ మేస్త్రీ భార్య ఆపొలోనియా మగదిక్కు లేక ఎంత బాధపడుతోందోనన్న దిగులుతో మేస్త్రీలకు అన్నం సయించడం లేదట. తాను బాధపడుతున్న సంగతి ఆమెకి ఇంకా తెలియకపోవడం వాళ్ళ దిగులుని రెట్టింపు చేసింది.

సంఘం నియమాలు స్త్రీల పట్ల ఎంతో ఉదారమైనవి. మేస్త్రీ పోతే అతని భార్య ఏడాది మీద ఒక రోజు కార్ఖానా నడుపుకోవచ్చు. ఆ తర్వాత సంఘం పుస్తకంలో పేరున్న పెళ్ళికాని పనివాణ్ణి ఎవరినైనా చేసుకోవాలి, చేసుకున్నవాడు ఆ క్షణం నుంచి మేస్త్రీ అవుతాడు. వద్దనుకుంటే అచ్చులూ కొలిమీ సంఘానికి అప్పగించి, ఏ బంధువుల పంచనో మేజోళ్ళు అల్లుకోవచ్చు. 'ఎవరినైనా' అన్న మాటని పాఠకులు గమనించాలి. ఇంత స్వేచ్ఛ మహారాణులకు కూడా ఉండదు.

ఆపొలోనియాకి మేజోళ్ళు అల్లడం రాదు. మథేయుస్ కీళ్ళు పట్టేసి పన్నెండేళ్ళు కుర్చీకే అంటుకుపోతే, కార్ఖానాలో పోత పోసిందంతా ఆవిడే. కరిగిన తగరం రంగు చూసి, ఇదిగో ఇప్పుడు పోయాలి అని చెప్పగలిగిన మనిషి ఆ ఊళ్ళో ఆవిడ తప్ప మరొకరు లేరు. ఆయన చేసిందల్లా గిన్నెల అడుగున తన ముద్ర కొట్టడం. చివరి రెండేళ్ళూ ఆ చెయ్యి కూడా ఆవిడే పట్టుకుని కొట్టించేది. ఆ గిన్నెల్ని సంఘం సభలో ఎత్తి చూపించి, మగవాడి చేతి బిగువు ఇలా ఉంటుందని కుర్రవాళ్ళకి మూడుసార్లు చెప్పారు.

గడువు ఇంకో నెల ఉందనగా సంఘం పెద్ద బాల్టాజార్ తన మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఇగ్నాట్స్‌కి ఇరవై ఎనిమిదేళ్ళు. పనిలో చేరాక ఆరేళ్ళలో మూడు చెంచాలు పోశాడు.

"అమ్మా, నీ కష్టం చూడలేకపోతున్నాం. మావాడు నిప్పులాంటివాడు. సరేనను," అన్నాడు బాల్టాజార్.

"బాబూ, ఇతను పసివాడుగా ఉన్నప్పుడు ముడ్డి కడిగింది నేను!"

"చూశావా మరి, ఎంత తెలిసిన సంబంధమో!"

ఆలోచించుకుంటానని చెప్పి పంపేసి, ఆపొలోనియా నేరుగా సంఘం గుమాస్తా దగ్గరికి పోయి పుస్తకం తెరిపించింది. మొట్టమొదటి పేజీలో వెండెలిన్ పేరుంది. ఊరంతా తాత అని పిలిచే ఆ వెండెలిన్‌కి డెబ్భై తొమ్మిదేళ్ళు. పెళ్ళి కాలేదు, కాబట్టి మేస్త్రీ కాలేదు. ధర్మాసుపత్రిలో గుమ్మం పక్క మంచం మీద ఉన్నాడు. బయటికి మోసుకెళ్ళడానికి వీలుగా ఉంటుందని అక్కడ వేశారు. పాదిరీగారు చివరి ప్రార్థన చదవడం అప్పటికి రెండుసార్లయింది.

"తాతా, నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

వెండెలిన్ ఒక కన్ను తెరిచాడు. "నేను పోతున్నాను కదమ్మగారూ."

"అందుకే అడుగుతున్నా. నువ్వు పోతే నాకు మళ్ళీ ఏడాది మీద ఒక రోజు వస్తుంది. ఆ తర్వాత నీ పక్క మంచం ఆయన్ని చూసుకుంటా. నీకు మంచి పెట్టె చేయిస్తాను. రాయి మీద పేరు చెక్కిస్తాను. చర్చి గంట కొట్టిస్తాను."

"గంట కూడానా!" ముసలాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎంతసేపమ్మగారూ?"

"పావుగంట."

ఇంత నిజాయితీగా కుదిరిన సంబంధం ఆ ఊరి చర్చి రిజిస్టరులో మరొకటి లేదు. మేస్త్రీలు సంఘం పుస్తకాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశారు. వరుడు పనివాడై ఉండాలని ఉంది గానీ, లేచి కూర్చోగలగాలని ఎక్కడా లేదు.

పెళ్ళయ్యాక మొగుణ్ణి ఇంటికి తెచ్చుకోక తప్పదు కదా. తెచ్చింది. ఆసుపత్రిలో పోసే గంజి లాంటిదే ఇంత పోసి ఉంటే నియమం ప్రకారం అంతా సవ్యంగా జరిగిపోయేది. కానీ ఏ పనైనా సగం సగం చెయ్యడం ఆవిడ చేతులకి రాదు. మూలుగు ఎముకలు ఉడకబెట్టి, బార్లీ వేసి, బాతు కొవ్వు కలిపి సూపు కాచింది. రెండోవారం వెండెలిన్ లేచి కూర్చున్నాడు. నెలకి కర్ర పట్టుకుని నడిచాడు.

ముసలాయన సిగ్గుతో చచ్చిపోయాడు గానీ నిజంగా చావలేదు. రోజూ పొద్దున్నే కొలిమి దగ్గరికొచ్చి టోపీ తీసి, "క్షమించండమ్మగారూ, ఇవాళ కూడా పోలేదు," అనేవాడు.

"ఫరవాలేదులే తాతా, తొందరేముంది? కూర్చో, సూపు చల్లారిపోతోంది," అనేది ఆవిడ.

ఆ మాట ఆవిడ మనస్ఫూర్తిగానే అనేది. ఆవిడ పోత పోస్తుంటే ఆయన పక్కన కూర్చుని పాత మేస్త్రీల కబుర్లు చెప్పి నవ్వించేవాడు. ఇన్నేళ్ళలో ఆవిడ అంత సుఖంగా ఎన్నడూ లేదు.

ఇది చూసి సంఘం మేలుకుంది. మేస్త్రీ బతికుండగా సభలో ఆయన కుర్చీ ఖాళీగా ఉండడం అమంగళం కదా! నల్లకోటు తొడిగి, మెడలో వెండిగొలుసు వేసి, వెండెలిన్‌ని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టారు. యాభై ఎనిమిదేళ్ళుగా ఆ సభలో పనివాళ్ళతో పాటు గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి. ఆ మధ్యాహ్నం ఆయనకి రెండు జగ్గుల బీరూ, నాలుగు ఉపన్యాసాలూ పట్టించారు. సాయంత్రం కర్ర లేకుండా నడిచి ఇంటికొచ్చాడు.

"ఏమే," అన్నాడు.

ఆపొలోనియా ఎవరినోనని వెనక్కి తిరిగి చూసింది.

"నిన్నేనే. కార్ఖానా తాళాలు ఇలా ఇవ్వు. ఆడది తగరం ముట్టుకుంటే మెరుపు తగ్గుతుందట. రేపట్నుంచి ఇగ్నాట్స్ వస్తాడు."

"తాతా! మంచం మీద పడున్న నిన్ను లేపి నిలబెట్టింది ఎవరు?"

వెండెలిన్ కాసేపు ఆలోచించాడు. అబద్ధమాడే అలవాటు ఆయనకి లేదు. "సంఘం," అన్నాడు.

ఆవిడకి ఏడుపొచ్చింది. కోపం అంతకంటే ఎక్కువ వచ్చింది. మర్నాడే సంఘానికి అర్జీ పెట్టుకుంది. పెళ్ళయిన స్త్రీ అర్జీకి భర్త సంతకం కావాలన్నారు. భర్త అక్కడే కుర్చీలో ఉన్నాడు. అర్జీ మొత్తం చదివించుకుని విని, "ఇది నా మీదే ఫిర్యాదు కదా, నేనెలా సంతకం పెడతాను?" అని న్యాయంగా అడిగాడు. అర్జీ కొట్టేశారు.

బాల్టాజార్ లేచాడు. "సోదరులారా! పెళ్ళి మహిమ కళ్ళారా చూడండి! చావుమంచం మీదున్న మనిషిని మేస్త్రీని చేసింది ఈ ఇల్లాలు. ఇక ఈమెకి కొలిమి వేడి లేదు, మసి లేదు, ఏ చింతా లేదు!" సభ చప్పట్లు కొట్టింది.

పాదిరీగారు ముందుకొచ్చి ఆపొలోనియా తల మీద చెయ్యి పెట్టారు. "అమ్మా, నీ భర్త నిండు నూరేళ్ళు బతకాలి."

మేస్త్రీలంతా టోపీలు తీసి ఆమెన్ అన్నారు. ఆవిడ వేళ్ళ మీద లెక్క వేసుకుంది. డెబ్భై తొమ్మిది పోను ఇరవై ఒకటి వచ్చింది.

ఆడదానికి ఇంతకు మించిన దీవెన లేదని సభ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఉందని మీరు గానీ నేను గానీ ఏ పెళ్ళిలోనూ అన్నట్టు నాకు గుర్తు లేదు.