లిఫ్టు మెకానిక్ అడిగిన క్షమాపణ

ఆ రోజు లిఫ్టు మెకానిక్ పెట్టుకున్న పని చాలా చిన్నది. సాయంత్రంలోగా తనకు తెలిసిన వాళ్ళందరినీ క్షమించమని అడగాలి. అంతే.

దీనికి మూలం వారం కిందట ఒక భవనంలో తారసపడిన జైన సాధ్వి. పై అంతస్తులో ఆమె ప్రవచనం ఉంది. అప్పుడే లిఫ్టు బాగుచేసిన మెకానిక్ చెమట తుడుచుకుంటూ, "ఎక్కండమ్మా, పువ్వులా తీసుకెళ్తుంది" అన్నాడు.

"మేం బండీ ఎక్కం, లిఫ్టూ ఎక్కం నాయనా. కాళ్ళున్నాయిగా" అని ఆమె మెట్ల వైపు నడిచింది.

పదహారేళ్ళుగా జనాన్ని పైకి పంపడమే వృత్తిగా బతుకుతున్న మనిషికి, మోక్షం దాకా నడిచే వెళ్ళేవాళ్ళు ఉంటారని అప్పుడే తెలిసింది. పనిముట్ల సంచితో ఆమె వెనకాలే మెట్లెక్కి, చివరి వరుసలో కూర్చున్నాడు. "నూనె గుడ్డకు దుమ్ము అంటినట్టు, కోపం, గర్వం, కపటం, లోభం ఉన్నచోట ఆత్మకు కర్మ అంటుకుంటుంది. ముందు ఆ జిడ్డు వదిలించుకోండి. మనసుతో, మాటతో, చేతతో ఎవరిని నొప్పించారో వాళ్ళను క్షమించమని అడగండి" అని ఆమె చెప్పింది. ఆత్మ సంగతి మెకానిక్‌కు అంతగా తెలియదు గానీ, జిడ్డు సంగతి బాగా తెలుసు.

ఇంటి నుంచే మొదలుపెట్టాడు. భార్య పొయ్యి దగ్గర ఉంది.

"ఇదిగో, నావల్ల తెలిసో తెలియకో ఏదైనా తప్పు జరిగి ఉంటే క్షమించు."

ఆమె పొయ్యి కట్టేసింది. "ఏం చేశారు?"

"ఏమీ చేయలేదే."

"నా వేలు తలుపులో పడి నలిగిన రోజు కూడా 'చూసుకోవద్దూ' అన్నారే గానీ, అయ్యో అనలేదు. ఇవాళ పొద్దున్నే చేతులు జోడిస్తున్నారు. నిజం చెప్పండి, ఒంట్లో బాగాలేదా?"

"ఒళ్ళు బాగానే ఉంది. ఇది ఆత్మ కోసం."

"ఆత్మ దాకా వచ్చిందా!" అంటూ ఆమె గాభరాగా ఫోనందుకుని ఆడపడుచుకు కలిపింది. అప్పటికే ఆలస్యమైందని మెకానిక్ చెప్పులు వేసుకుని బయటపడ్డాడు.

తర్వాతి మజిలీ ఏడంతస్తుల ఫ్లాట్లు. అక్కడి లిఫ్టును నిన్ననే సర్వీసు చేశాడు. సెక్రటరీ రిటైరైన లెక్కల మాస్టారు. గేటు దగ్గర పేపరు చదువుకుంటున్నాడు.

"మాస్టారూ, నావల్ల తెలిసో తెలియకో ఏదైనా పొరపాటు జరిగి ఉంటే క్షమించండి."

మాస్టారు పేపరు దించాడు. "ఏ పొరపాటు?"

"తెలియదండీ. తెలిస్తే దిద్దుకునేవాణ్ణిగా."

"నిన్ననేగా లిఫ్టు ఇనపతాళ్ళు చూశావు?"

"చూశానండీ. మనసారా అడుగుతున్నాను, క్షమించండి" అని మరోసారి దండం పెట్టి, తేలికపడ్డ గుండెతో మెకానిక్ పక్క వీధిలోని భవనానికి వెళ్ళిపోయాడు. అతను వీధి మలుపు తిరగకముందే ఇక్కడ లిఫ్టు తలుపుకు కాగితం అంటుకుంది: 'లిఫ్టు ఎక్కరాదు. మెకానిక్ తప్పు ఒప్పుకున్నాడు.'

సరిగ్గా అప్పుడే ఆరో అంతస్తు వాళ్ళ కొత్త ఫ్రిజ్ దిగింది. మోసుకొచ్చిన ఇద్దరూ కాగితం చదివి, మెట్ల మీదుగా ఎత్తారు. మూడో అంతస్తు మలుపులో అది గోడకూ కటకటాలకూ మధ్య ఇరుక్కుంది. ముందుకూ రాదు, వెనక్కీ పోదు. వాళ్ళిద్దరూ తాడు తెస్తామని వెళ్ళి ఇక తిరిగి రాలేదు. పైవాళ్ళు పైనే, కిందవాళ్ళు కిందే ఉండిపోయారు. ఐదో అంతస్తు బామ్మ కటకటాల మీదుగా వంగి, "నేను కిందికి రావాలా, అది పైకి రావాలా, ఎవరో ఒకరు తేల్చండి!" అని కేకలేసింది.

మాస్టారు లిఫ్టు కంపెనీకి ఫోను చేశాడు. మేనేజరు మెకానిక్‌కు ఫోను చేశాడు.

"ఎన్ని బిల్డింగుల్లో చెప్పావయ్యా ఈ మాట?"

"మూడే సార్. ఇంకా ఇరవై రెండున్నాయి."

"అక్కడే ఆగు! నోరు తెరవకు!"

మేనేజరు దారిలో మెకానిక్‌ను వెంటబెట్టుకుని, గంటలో ఏడంతస్తుల ఫ్లాట్ల దగ్గర దిగాడు. అతనికీ లిఫ్టు ఎక్కే ధైర్యం లేకపోయింది. పొట్ట బిగబట్టి ఫ్రిజ్ పక్కనుంచి దూరడంలో చొక్కా గుండీ ఒకటి తెగి కిందికి దొర్లిపోయింది. రొప్పుతూ డాబా మీది మెషిన్ గదికి చేరాడు. వెనకే మాస్టారు, ఆయన వెనక మెకానిక్. తాళ్ళు చూశారు, బ్రేకులు చూశారు, ప్రతి బోల్టూ తిప్పి చూశారు. అన్నీ భేషుగ్గా ఉన్నాయి.

"ఇంకేం? ఏ తప్పూ చేయలేదని రాసిచ్చేయ్" అని మేనేజరు కాగితం అందించాడు.

మెకానిక్ రాశాడు. మేనేజరు చదివాడు. "'నాకు తెలిసినంతవరకు' ఎందుకు? అది కొట్టెయ్."

"కొట్టేస్తే అబద్ధమవుతుంది సార్."

"కొట్టకపోతే రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు!"

అంతలో మెకానిక్ ఫోను మోగింది. అక్క ఏడుస్తోంది. "తమ్ముడూ, డాక్టరు ఎన్నాళ్ళన్నాడ్రా?"

"డాక్టరు కాదక్కా, మేనేజరు. ఇవాళే ఆఖరంటున్నాడు" అన్నాడతను. అక్క ఏడుపు రెట్టింపైంది. నచ్చజెప్పే ఓపిక లేక ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇంటి అద్దె, కూతురి చదువు కళ్ళముందు తిరిగాయి. అయినా కలం ఆ మాట మీదికి వెళ్ళలేదు.

లెక్కల మాస్టారు ముందుకొచ్చి కాగితం లాక్కున్నాడు. "కొట్టెయ్యకండి. ఆ మాట ఉన్నందుకే, ఇతను నిజంగా చూసి రాశాడని నాకు నమ్మకం కుదిరింది" అని కాగితం మడిచి, అదే లిఫ్టెక్కి కిందికి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఐదో అంతస్తులో బామ్మ ఎక్కిన చప్పుడు వినిపించింది.

మెషిన్ గదిలో ఇద్దరే మిగిలారు. మేనేజరు తిరగలి బోర్లించినట్టున్న మోటారు మీద చెయ్యి ఆనించాడు.

"నేనూ ఒకటి చెప్పాలి. రెండేళ్ళ కిందట నీకు రావలసిన సీనియర్ పోస్టు హెడ్డాఫీసు ఆపిందన్నాను కదా. ఆపింది నేనే. మా బావమరిదికి ఇప్పించుకున్నాను. నన్ను క్షమించు."

పొద్దున్నుంచి పదకొండుమందిని తడబడకుండా క్షమాపణ అడిగిన మెకానిక్‌కు ఇప్పుడు ఒళ్ళంతా భగ్గుమంది. ఆ బావమరిది చేసిన తప్పుడు పనులను రెండేళ్ళుగా దిద్దుతున్నది తనే. పిడికిట్లో పానా బిగుసుకుంది. 'క్షమించాను' అని పైకి అనెయ్యడం ఎంతసేపు? కానీ ఇప్పుడే కదా ఒక అబద్ధం రాయనని మొండికేశాడు.

చివరికి పానాను సంచిలో పెట్టాడు. "ఇంకా క్షమించలేదు సార్. ప్రయత్నిస్తాను. రేపు పొద్దున ఓసారి అడగండి."

మర్నాడు పొద్దున్నే, ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే మేనేజరు ఆఫీసు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "అయిందా?"

"లేదు సార్. రాత్రి తగ్గింది గానీ, మీ చొక్కా చూడగానే మళ్ళీ మొదలైంది."

మూడో రోజు సగం అయిందన్నాడు. ఐదో రోజు, మేనేజరు బావమరిది ఒక లిఫ్టు తలుపును తిరగేసి బిగించడంతో, ఆ సగం కూడా పోయింది. మేనేజరు మాత్రం అడగడం మానలేదు. ఇంటి దగ్గర మెకానిక్‌ను భార్య రెండు ఆసుపత్రుల్లో చూపించి, రోగం లేదని తేలాక, వేలు నలిగిన సంగతి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. ఈసారి అతను మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా విన్నాడు.

తొమ్మిదో రోజు గుమ్మంలో మేనేజరు "అయిందా?" అన్నప్పుడు, దేని గురించి అడుగుతున్నాడో మెకానిక్‌కు ఒక్క క్షణం గుర్తు రాలేదు. గుర్తొచ్చాక, లోపల వెతికి చూసుకున్నాడు. ఏమీ తగల్లేదు.

"అయిపోయినట్టుంది సార్" అన్నాడు ఆశ్చర్యంగా.

మేనేజరు అక్కడే ఉన్న బల్ల మీద కూలబడి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

పదో రోజు నుంచి ఆయన ఆఫీసుకు మళ్ళీ ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు.