వంటగదిలోంచి రోడ్డు

ఆ శనివారం ఉదయం గ్లోరియా, మోజెస్ దంపతులు చోడవరంలోని తమ అద్దె మేడ మీంచి ముగ్గు బస్తా ఒకటి దించుకుని స్కూటరెక్కారు. అనుకున్న పని చిన్నదే. బుచ్చయ్యపేట దారిలో కొత్తగా కొన్న యాభై సెంట్ల మెరక భూమిలో, కట్టబోయే ఇంటి ప్లానును అసలు కొలతలతో నేల మీద ముగ్గు పోసి చూసుకోవాలి. పదకొండు గంటలకల్లా తిరిగొచ్చి చేపల పులుసు వండుకోవాలి.

కాగితం మీద ఆ ప్లాను రెండు నెలలుగా తేలడం లేదు. ప్రభుత్వాసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన గ్లోరియాది ఒకటే పట్టు. కూర, పాలు, నీళ్ళు, వంటగ్యాసు, కరెంటు, ఏదీ బయటి నుంచి రాకూడదు. వాన నీళ్ళు కాలువలో పారి గుంటలో నిలవాలి. పేడతో పొయ్యి వెలగాలి. దూది కోసం, సిరంజీల కోసం ముప్ఫై ఏళ్ళు ఇండెంట్లు రాసి రాసి, ఎవరినైనా ఏదైనా అడగడమంటేనే ఆమెకు విసుగు పుట్టింది. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి వచ్చిన మోజెస్‌కు ఈ మొత్తంలో నచ్చింది నీళ్ళ గుంట ఒక్కటే. అందులో కొర్రమీనులు పెంచాలని అతని ఆశ. గుంట తూర్పున ఉండాలని అతను, తూర్పున వంటగది ఉండాలని ఆమె. ఒకరు గీసింది ఇంకొకరు రబ్బరుతో చెరపడం, గీసినవాళ్ళు చూసీ చూడనట్టు మళ్ళీ గీయడం మామూలైపోయింది.

స్థలం దగ్గర గ్లోరియా పని చకచకా సాగింది. పాత ఎర్రచీర చింపి వెదురు గూటాలకు జెండాల్లా కట్టి మూలమూలనా పాతించింది. ఇల్లు, అందులో తూర్పున వంటగది, పక్కనే మిగిలిన చోట గుంట, కోళ్ళ షెడ్డు, కూరగాయల మళ్ళు గీసింది. వాన నీటి కాలువకొక గీత, దానికి పన్నెండడుగుల దూరంలో చెట్ల వరుసకొక గీత, ఈ చివర నుంచి ఆ చివరకు తీర్చినట్టు లాగింది. ఆ జంట గీతలు తిన్నగా పోయి తూర్పు గట్టు దగ్గర, పక్క రైతు బంగార్రాజు చెరుకుతోటకు ఎదురుగా ఆగాయి. అక్కడ బయోగ్యాస్ తొట్టె కోసం ఒక గుండ్రం గీసి, మధ్యలో 'బ' అని రాసింది. తర్వాత వంటగదిలోకి వెళ్ళి, పొయ్యి ఉండబోయే చోట నిలబడి, లేని కిటికీలోంచి బయటకు చూసింది. ఆమెకు చాలా బాగుంది.

మోజెస్ టేపు పట్టుకుని షెడ్డు కొలుస్తున్నాడు. ఒకసారి స్కూటరు మీంచి పడినప్పటి నుంచి అతను ఎక్కడికెళ్ళినా నారింజ రంగు మెరుపు జాకెట్టు వేసుకునే వెళ్తాడు. ఆ జాకెట్టు చూసే, గేదెల్ని తోలుకెళ్తున్న సన్యాసమ్మ గట్టు మీద ఆగింది. వాళ్ళ స్థలానికి ఆగ్నేయంలో పాక వేసుకుని ఉంటోంది ఆవిడ.

"ఏటి బాబూ, రోడ్డా?"

ఇంజన్ల చప్పుడులో బతికిన మోజెస్‌కు ఒక చెవి సరిగ్గా వినపడదు. అతనికి 'షెడ్డా' అని వినిపించింది.

"అవునమ్మా. ముందు సిన్నది ఏస్తాం. తరవాత పెద్దది సేస్తాం."

"ఎందాకా ఎల్తాది?"

"ఆ సెరుకు గట్టు దాకా."

"గట్టు కాడే ఆగిపోద్దేటి?"

"ఇప్పటికి ఆగుతాది. జాగా దొరికితే ఇంకా పెంచుతాం," అన్నాడు మోజెస్, కోళ్ళను తలుచుకుని.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది, బైపాస్ పడుతోందని. ఎర్ర జెండాలున్నాయి, జాకెట్టు ఆఫీసరున్నాడు, కాగితాలు పట్టుకున్న మేడమ్ ఉంది. అన్నిటికీ మించి, గుండ్రం చుట్టి మరీ రాసిన 'బ' ఉంది.

మంగళవారం పొద్దున్నే బంగార్రాజు వచ్చి చూసుకున్నాడు. గీతలు నేరుగా పోయి అతని తోట నడుమ గుచ్చుకునేలా ఉన్నాయి. ఇంకో రెండు నెలల్లో నరకవలసిన చెరుకు. అతను చాలాసేపు ఆలోచించి, ఇంటికెళ్ళి ముగ్గు తెచ్చి, చివరి ఇరవై గజాలూ చెరిపి, రోడ్డును మర్యాదగా కుడివైపుకు తిప్పాడు. అది వెళ్ళి సన్యాసమ్మ పాకకు తగిలింది. బుధవారం సన్యాసమ్మ చీపురుతో వచ్చింది. ఆవిడకు కుడి ఎడమల గొడవ లేదు. పాకకు ఎంత దూరమైతే అంత మంచిదని రోడ్డును చుట్టూ తిప్పి, వంటగదిని అడ్డంగా కోసి, గుంట మీదుగా మళ్ళీ పడమటికే పంపేసింది. అక్కడ, తారురోడ్డుకూ ఈ స్థలానికీ మధ్య, శివాజీ అనే రైతు మడి ఉంది. వచ్చిన దారినే వెనక్కి పోయే రోడ్డు ఎక్కడైనా ఉంటుందా అన్న అనుమానం ఎవరికీ రాలేదు. శివాజీకి అసలే రాలేదు. తన మడికి రెండు వైపులా రోడ్డు పడుతోందన్న సంతోషంలో అతను గీతల్ని ఇంకాస్త లావు చేసి, ఎందుకైనా మంచిదని నాలుగు ట్రాక్టర్ల గ్రావెల్ ముందే తోలించి పెట్టుకున్నాడు.

రెండో శనివారం గ్లోరియా వచ్చేసరికి ఆమె వంటగది రెండు ముక్కలై ఉంది. తూర్పున వంటగది పడనివ్వకూడదని ఎవరికుందో ఆమెకు తెలుసు. మోజెస్ తన గుంట ఉండవలసిన చోట చూశాడు. గుంట లేదు, దాని మీంచి లావుపాటి గీతలు పోతున్నాయి. గుంటంటే ఎవరికి పడదో అతనికీ తెలుసు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో వాళ్ళు ఒకరికి తెలియకుండా ఒకరు ఇంత దూరం రావడం ఇదే మొదటిసారని ఇద్దరికీ మనసులో చివుక్కుమంది. మోజెస్ టీ తాగడానికి తారురోడ్డు దాకా వెళ్ళిన సమయంలో గ్లోరియా గబగబా గీతలన్నీ చెరిపి మొదటి ప్లానే మళ్ళీ గీసేసింది. దారిలో మాటల్లేవు. ఆదివారం చర్చిలో ఒకే పాటల పుస్తకం ఇద్దరూ పట్టుకుని పాడారు గాని, పేజీ తిప్పేటప్పుడు కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

గీతలు మళ్ళీ చెరుకు వైపు తిరిగాయని బంగార్రాజుకు ఆదివారమే తెలిసింది. సోమవారం మోజెస్ ఒక్కడే జాకెట్టు వేసుకుని, గుంటను ఈసారి రెండింతలు పెద్దదిగా గీయడానికి వచ్చాడు. బంగార్రాజు కొత్త బెల్లం అచ్చు ఒకటి అతని చేతిలో పెట్టి, చెవికి దగ్గరగా నిలబడి మాట్లాడాడు.

"మా మీద కాస్త దయ ఉంచాల బాబూ. ఎటేపు తిప్పినా మీ సేతిలోనే ఉంది."

పొరుగువాళ్ళు ఎంత మంచివాళ్ళో అనుకున్నాడు మోజెస్. తమ ఇంట్లో గొడవ ఇతని దాకా ఎలా వచ్చిందో మాత్రం అతనికి అర్థం కాలేదు.

"నా సేతిలో ఏటుంది బాబూ. అన్నీ మేడమ్ ఇష్టం. ఆవిడ ఒప్పుకుంటే ఇంకా మీ గట్టేపే జరుపుతాను," అన్నాడు ఆప్యాయంగా.

ఆ మధ్యాహ్నమే బంగార్రాజు, సన్యాసమ్మ, శివాజీ, ఇంకో పాతికమంది కలిసి గ్రామ సచివాలయానికి వెళ్ళారు. రోడ్డు వద్దని ఇద్దరు, కావాలని ఒకరు, విషయమేమిటో తెలుసుకుందామని మిగతావాళ్ళు. సర్వేయర్ ఉదయ్‌కుమార్ తనకు ఏ రోడ్డు గురించీ తెలియదన్నాడు. సర్వేయర్‌కే తెలియకుండా వచ్చిందంటే అది బాగా పైనుంచి వచ్చిందని అందరికీ ఖాయమైపోయింది. ఉదయ్‌కుమార్‌కు కూడా కొంచెం భయం వేసి, శనివారం వచ్చి చూస్తానన్నాడు.

మూడో శనివారం గ్లోరియా, మోజెస్ మధ్యలో ముగ్గు బస్తా పెట్టుకుని, మాటల్లేకుండా స్కూటరు దిగేసరికి, వాళ్ళ యాభై సెంట్లలో యాభై మంది ఉన్నారు. ఉదయ్‌కుమార్ ముందుకొచ్చి నమస్కారం పెట్టి, తమరిది ఏ డిపార్ట్‌మెంటని మోజెస్‌ను అడిగాడు. రిటైరయ్యానని, చేసినన్నాళ్ళూ బస్సు డిపోలో చేశానని మోజెస్ చెప్పాడు. వెనకాల జనంలో బస్సు కూడా వేస్తున్నారన్న మాట పాకిపోయింది.

ఉదయ్‌కుమార్ గ్లోరియా వైపు తిరిగాడు. "ఈ ఎలైన్‌మెంట్ ఎవరిచ్చేరు మేడమ్?"

"ఏ ఎలైన్‌మెంట్?"

అతను జంట గీతల్ని చూపించాడు. గ్లోరియా వాటిని చూసింది, జనాన్ని చూసింది, ఎర్ర జెండాలను చూసింది, చివరికి మొగుడి జాకెట్టు చూసింది. ముప్ఫై ఏళ్ళు రోగుల బంధువులతో వేగిన మనిషి కాబట్టి ఆమె గొంతు పెంచలేదు.

"అది వాన నీళ్ళ కాలవ బాబూ. ఇది చెట్ల వరస. మీరు నిల్చున్నది మా వంటగది."

ఉదయ్‌కుమార్ తన కాళ్ళకేసి చూసుకుని, చెప్పులతో ఉన్నందుకు కాబోలు, ఒకడుగు వెనక్కి వేశాడు. మరి 'బ' అంటే ఏమిటని ఎవరో అడిగారు. బయోగ్యాస్ అని, పేడతో పొయ్యి వెలుగుతుందని గ్లోరియా చెప్పింది. సన్యాసమ్మ ముగ్గు గోడ తొక్కకుండా గుమ్మంలోంచే లోపలికి వెళ్ళి, పొయ్యి చోటు చూసి, పొగ కిటికీ వైపే పోతుందా అని అడిగింది.

తర్వాత ఒక్కొక్కరూ ఒప్పుకోవడం మొదలైంది. మంగళవారం తిప్పింది తనేనని బంగార్రాజు, బుధవారం తుడిచింది తనేనని సన్యాసమ్మ, లావు మాత్రమే చేశానని శివాజీ చెప్పారు. వింటున్న కొద్దీ గ్లోరియా ముఖం మారిపోయింది.

"అయితే మీరు కాదా?" అంది మోజెస్‌తో, చాలా మెల్లగా.

"నువ్వనుకున్నాను," అన్నాడతను. సోమవారం వచ్చి గుంటను రెండింతలు చేసింది మాత్రం తనేనని, తల వంచుకుని, అదీ చెప్పేశాడు. టీ తాగడానికి అతన్ని పంపి తను చేసిన పని ఆమె కూడా చెప్పింది. వారం తర్వాత ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు.

అక్కడితో అయిపోయిందనుకున్నారు. జనం కదలలేదు. ఊరికి కలగవలసిన ఊరట ఎవరి ముఖంలోనూ లేదు.

"అయితే రోడ్డు రాదేటి?" అంది సన్యాసమ్మ.

ఈ రెండు వారాల్లో, పోట్లాడుతూనే, అందరూ ఆ రోడ్డుకు అలవాటు పడిపోయారు. ఎటూ తప్పదనుకుని బంగార్రాజు లోలోపల లెక్క వేసుకున్నాడు. తోట ఓరన దారి పడితే చెరుకు ట్రాక్టరు చుట్టు తిరగక్కర్లేదు. శివాజీ గ్రావెల్ కుప్పలు సరేసరి. వెనకాల ఎవరో రోడ్డు ఆపించేశారని గొణిగారు. ఇంతమంది కోపంగా చూస్తుంటే గ్లోరియాకు మొదటిసారి భయం వేసింది. రేపు బతకవలసింది వీళ్ళ మధ్యనే.

సన్యాసమ్మకు కోపం రాలేదు. పొయ్యి పెట్టబోయే చోట అలాగే కూర్చుండిపోయింది. ఆవిడ కూతురు ప్రవల్లికను చీడికాడలో ఇచ్చారు. గట్ల మీద నడిచి వెళ్ళాల్సిన పాకకు కోడల్ని పురిటికి పంపేది లేదని అత్తవారు మొదటి నుంచీ అంటున్నారు. ఆటో గుమ్మం దాకా వచ్చేస్తుందని సన్యాసమ్మ కబురు పెడితే మొన్ననే ఒప్పుకున్నారు.

"పిల్లకి ఏటి సెప్పను అమ్మా?"

"ఎన్నో నెల?" అని అడిగింది గ్లోరియా.

"ఎనిమిది నిండేయి."

మంచాల మీద మోసుకొచ్చిన కాన్పులు గ్లోరియా చాలా చూసింది. మోజెస్ వైపు చూసింది. అతనికి ఆ చూపు తెలుసు, డ్యూటీ అయిపోయాక కూడా ఆసుపత్రిలో ఉండిపోయే ముందు చూసే చూపు. అతను తలూపాడు. ఈసారి కూడా తుడవవలసి వస్తుందేమోనని సన్యాసమ్మ తెచ్చుకున్న చీపురు పక్కనే పడి ఉంది. గ్లోరియా దాన్ని తీసుకుని, ఆటో పాక వైపు మలుపు తిరిగే చోటుకు అడ్డమని తన వంటగది తూర్పు గోడ తనే తుడిచేసింది. కాలువకూ చెట్లకూ మధ్యనున్న పన్నెండడుగులూ దారికి వదిలేస్తున్నామని, కూరగాయల మళ్ళు వెనక్కి జరుపుకుంటామని చెప్పింది. శివాజీ, బంగార్రాజు కూడా గట్ల ఓరన వదలాలని, కాగితం ఇప్పుడే రాసుకుందామని అంది. గ్రావెల్ ఎలాగూ తోలించాడు కాబట్టి శివాజీ వెంటనే ఒప్పుకున్నాడు. బంగార్రాజు చెరుకు నరికేదాకా ఆగమని అడిగి, అంతలో సన్యాసమ్మ ముఖం చూసి, అక్కర్లేదులే, ఆ వరస ఇప్పుడే కొట్టేస్తానన్నాడు. ఉదయ్‌కుమార్ కొలతలు వేశాడు. ఇన్నాళ్ళకు తనకు తెలిసిన రోడ్డొకటి పడుతున్నందుకు అతను తేలికపడ్డాడు.

ఇరవై రోజుల్లో దారి పడింది. ప్రవల్లిక ఆటోలో గుమ్మం దాకా వచ్చింది. వారానికి రెండుసార్లు గ్లోరియా వెళ్ళి ఆ పిల్లకు బీపీ చూసొస్తుంది. వచ్చేటప్పుడు సన్యాసమ్మ గడ్డపెరుగు ఇస్తుంది, వద్దన్నా బంగార్రాజు చెరుకు గడలు స్కూటరుకు కడతాడు. ఏదీ బయటి నుంచి రాకూడదన్న మాట ఈ మధ్య ఆమె నోట వినపడటం లేదు. వంటగది ఉత్తరానికి జరిగింది, గుంట తూర్పునే మిగిలింది. ఎలా చూసినా గెలిచింది తనేనని మోజెస్ బయటికి మాత్రం అనడు.

మొన్న ఆదివారం చర్చి బయట, ఇల్లు ఎంతవరకూ వచ్చిందని ఒక స్నేహితుడు అడిగాడు.

"సుమారుగా అయిపోయినట్టేనండి," అన్నాడు మోజెస్. "రోడ్డయిపోనాది, పక్కింటోళ్ళు అయిపోనారు. ఇంకా ఇల్లొక్కటే మిగిలింది."