అత్తగారి పదకొండు చేపపిల్లలు

ఆ సోమవారం పొద్దున అల్లుడి ముందున్న పని చిన్నదే. గాజుతొట్టిలో మూడో వంతు నీళ్ళు తోడెయ్యాలి, కొత్త నీళ్ళు పోయాలి, తొమ్మిదింటికల్లా డ్యూటీకి వెళ్ళాలి. అతను లిఫ్టుల మెకానిక్కు. నీళ్ళు మార్చడం తనకో లెక్కా అనుకున్నాడు.

తొట్టిలో ఉన్నవి పోయిన అత్తగారి చేపపిల్లలు. ఆఫ్రికా సరస్సుల సిక్లిడ్ జాతి, ఒంటినిండా నలుపూ తెలుపూ పట్టీలు. తల్లి చేప గుడ్లను నోట్లో దాచుకుని, నెల్లాళ్ళు మేత ముట్టకుండా పిల్లల్ని చేస్తుంది. ఆ పిల్లలకి మాత్రం ఎదగాలన్న తొందరే ఉండదు. వేలెడంత కావడానికి ఏడాది దాటుతుంది, ఈడుకి రావడానికి నాలుగేళ్ళు. అత్తగారు ఆస్పత్రికి బయల్దేరిన రోజు కూడా వాటికి మేత వేసే వెళ్ళింది. తిరిగి రాలేదు. ఆర్నెల్లుగా ఆ పదకొండింటినీ మామగారే కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తున్నారు. ఇప్పుడా కళ్ళకే శుక్లాలొచ్చి, కూతుర్ని తోడు తీసుకుని ఆపరేషనుకి వెళ్ళారు.

"పంపు నీళ్ళు అలాగే పొయ్యకు అల్లుడూ, క్లోరిన్‌కి చచ్చిపోతాయి. సీసాలో మందుంది, పది చుక్కలు కలిపి అప్పుడు పొయ్యి," అని ఆస్పత్రి నుంచి రెండుసార్లు ఫోన్ చేశారు.

"అలాగే మామయ్యా, నేను చూసుకుంటాగా," అన్నాడు అల్లుడు.

నీళ్ళు తోడుతుండగా మూడో ఫోనొచ్చింది. ఈసారి ఆఫీసు నుంచి. ఎక్కడో ఏడో అంతస్తు దగ్గర లిఫ్టు ఆగిపోయింది, లోపల ముగ్గురున్నారు, ఒకావిడ సొమ్మసిల్లింది. అల్లుడు పంపు గొట్టం నేరుగా తొట్టిలో పెట్టి, అంచుదాకా నింపేసి పరుగెత్తాడు. లిఫ్టులోని ముగ్గురూ క్షేమంగా బయటపడ్డారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తొట్టిలో పదకొండూ వెల్లకిలా తేలుతున్నాయి.

మామగారికి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. భార్యకే ఏం చెప్పాలో తోచలేదు. ఆమె కోర్టులో స్టెనో. తల్లి పోయినప్పుడు అందరూ ఏడ్చారు గానీ ఆమె కంట చుక్క రాలలేదు. రోజూ పనికెళ్ళేముందు మాత్రం ఆ తొట్టి దగ్గర నిలబడి, తల్లితో చెప్పినట్టు రెండు మాటలు చెప్పి వెళ్ళేది.

పదింటిని పూలకుండీలో పాతిపెట్టి, పదకొండోదాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని చేపల కొట్టుకి పరుగెత్తాడు.

"ఇలాంటివి పదకొండు కావాలి. సరిగ్గా ఇంతే ఉండాలి."

"ఏ జాతి సార్ ఇది?" అన్నాడు కొట్టతను, డబ్బాలోకి తొంగిచూసి.

"జాతి గొడవ మనకెందుకు? చారలుంటే చాలు."

మామగారు నల్లకళ్ళద్దాలతో ఇంటికొచ్చారు. కొత్త చేపలు కుదురుగానే ఉన్నాయి, ఒక్క విషయంలో తప్ప. మూడు వారాలు తిరిగేసరికి భార్య వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"ఏమండీ, చూశారా? అమ్మ పిల్లలు ఎంతెంత అయ్యాయో!"

చూశాడు. ఏడాదికి ఎదగాల్సినంత మూడు వారాలకే ఎదిగాయి. ఆదివారం పొద్దున్నే ఆ పదకొండింటినీ మూతబకెట్లో వేసుకుని వెళ్ళి, చిన్నవాటితో మార్చుకొచ్చాడు.

"అందరూ పెద్దవి కావాలంటారు. మీరేంటి సార్, పెరిగినవి ఇచ్చేసి పిల్లల్ని పట్టుకెళ్తారు?" అన్నాడు కొట్టతను.

"మా ఇంట్లో పెరగడానికి వీల్లేదు," అన్నాడు అల్లుడు.

మర్నాడు భార్య తొట్టి ముందు చాలాసేపు నిలబడింది. "తగ్గినట్టున్నాయేంటండీ?"

"అద్దం తుడిచాను. మురికి పడితే పెద్దగా కనిపిస్తాయి."

రోజంతా కోర్టులో అబద్ధాలు రాసుకునే మనిషి ఇంటికొచ్చి దీన్ని నమ్మింది. నమ్మినందుకు అతనికి మరీ భయమేసింది. అలా ఐదు నెలలపాటు బకెట్టు కొట్టుకీ ఇంటికీ తిరుగుతూనే ఉంది. మామగారికి చూపు బాగానే వచ్చింది గానీ, తొట్టి గురించి ఆయన ఎందుకో పెదవి విప్పలేదు.

ఇంతలో భార్య ఓ కబురు తెచ్చింది. "అమ్మ పోయి ఏడాది అవుతోంది కదా. అమ్మతో పాటు చేపలు పెంచే సంఘం వాళ్ళంతా వచ్చే ఆదివారం మనింటికే వస్తారట. అమ్మ పిల్లల్ని చూసి, నాలుగు మాటలు మాట్లాడతారట."

అల్లుడు బకెట్టు పట్టుకుని కొట్టుకి పరుగెత్తాడు. "చిన్నవి అయిపోయాయి సార్," అన్నాడు కొట్టతను. ఉన్నవాటినే వెనక్కి తెచ్చుకున్నాడు. బుధవారానికి వాటిలో రెండు జతకట్టి, మిగతావాటిని ఓ మూలకి తరిమి తోకలు పీకడం మొదలుపెట్టాయి. శుక్రవారం ఒకటి పోయింది, శనివారం ఇంకోటి.

ఆదివారం పదిహేనుమంది వచ్చారు. అత్తగారి ఫోటో ముందు తలలు వంచుకుని నిలబడ్డారు. సంఘం కార్యదర్శి ఒకప్పుడు పళ్ళ డాక్టరు. ఆయన తొట్టి ముందు మోకాళ్ళమీద కూర్చుని, టార్చి వేసి, పన్ను పీకేముందు చూసినట్టు చూశాడు.

"గుడ్లు పెట్టిందే," అన్నాడు.

టార్చి ఆర్పి, అల్లుడి భార్య వైపు తిరిగాడు.

"మీ అమ్మగారు పెంచింది నాలుగేళ్ళకి గానీ ఈడుకి రాని జాతమ్మా. నోట్లో దాచుకోవాల్సిన గుడ్లు ఇది రాయి మీద పెట్టింది. ఇవి మీ అమ్మగారి చేపలు కావు."

అల్లుడు నోరు తెరిచేలోపే మామగారు లేచారు. "తప్పు నాదే."

"కాదు మామయ్యా, నాది! మీ ఆపరేషనప్పుడు మందు కలపకుండా నీళ్ళు పోశాను. అత్తయ్య చేపల్ని చంపేశాను."

"నువ్వు చంపినవి మీ అత్తయ్యవి కావు నాయనా," అన్నారు మామగారు. "అవి తను పోయిన వారానికే పోయాయి. మేత వెయ్యడం మర్చిపోయాను. నేనే తిన్నానో లేదో తెలియని రోజులవి. అమ్మాయి తట్టుకోలేదని, పెంచేవాళ్ళ దగ్గర అదే జాతివి వెతికి తెచ్చిపెట్టాను. చూపొచ్చిన రోజే నీ పని కనిపెట్టాను, పట్టీలు రెండు ఎక్కువున్నాయి. కానీ నిన్ను అడిగితే నా సంగతి చెప్పుకోవాలి కదా?"

భార్య మెల్లగా కుర్చీలో కూర్చుంది. "అంటే ఏడాదిగా నేను కొట్టు చేపలతో మాట్లాడుతున్నానా?"

"మూడు వారాలకోసారి కొత్తవాటితో," అని నోరుజారాడు అల్లుడు.

ఆమె నవ్వబోయింది. అది నవ్వు కాలేదు. ఏడాదిగా ఆగినదంతా ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది. పదిహేనుమంది చూస్తుండగా వెక్కివెక్కి ఏడ్చింది. మామగారు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నారు. అల్లుడు మంచినీళ్ళు తెచ్చి, ఎవరికివ్వాలో తెలియక తనే తాగేశాడు.

చాలాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుంది. "ఈ గుడ్లేమవుతాయండీ?" అని కార్యదర్శిని అడిగింది.

"వారం తిరిగేసరికి పిల్లలు ఈదుతాయమ్మా. రెండు వందల దాకా ఉంటాయి. నెల తిరక్కుండా మళ్ళీ పెడుతుంది. ఆపడం ఎవరి తరమూ కాదు."

"అయితే మీరు తలా ఓ ఇరవై తీసుకెళ్ళండి," అన్నారు మామగారు ఆశగా.

పదిహేనుమందికీ ఒక్కసారే ఇంటిదగ్గర పనులు గుర్తొచ్చాయి.